క్రాఫ్ట్ బీరుకు ఏ బిస్కెట్ నప్పుతుంది? మన బేకరీల సరుకుతోనే చెప్పండి

గంటస్తంభం_గోపి
ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు)తో చాక్లెట్ చిప్ కుకీ తినమంటున్నారు. నిన్న రాత్రి అలాగే తిన్నాను. కుకీ కొరికి ఒక గుక్క తాగగానే వేపాకు నమిలినట్టు అయింది. విడిగా తింటే కుకీ బాగుంది, విడిగా తాగితే బీరు బాగుంది. కలిస్తే రెండూ చెడుతున్నాయి. ఇలాంటి సలహాలు రాసేవాళ్లు ఒక్కసారైనా నోట్లో పెట్టుకుని చూస్తారా?

వచ్చే నెల మా తమ్ముడి స్నేహితులు విజయనగరం వస్తున్నారు. మిక్చరు, చికెన్ పకోడీ లేకుండా బిస్కెట్లతో ఒక సాయంత్రం ఏర్పాటు చేయాలని నా కోరిక. గోధుమ బీరు, ఐపీఏ, స్టౌట్ అనే నల్ల బీరు ఉన్నాయి, విశాఖలో కొన్నాను. బిస్కెట్లు మాత్రం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవే కావాలి. దేనికి ఏది పెట్టాలో చెప్పండి.

నాగావళి_గట్టు
బీరుకు బిస్కెట్టా! వేయించిన పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, పైన నిమ్మకాయ పిండితే చాలు. ఆ పైన దేవుడు కూడా ఏమీ అడగడు.

మాల్టు_మాస్టారు
గోపి గారూ, మీ నోటి తప్పేమీ లేదు, జోడీయే తప్పు. ఐపీఏలో చేదు హాప్స్ అనే తీగ పూల వల్ల వస్తుంది. చాక్లెట్‌లో చేదు కోకో వల్ల వస్తుంది. రెండు చేదులు ఒకదాన్నొకటి కొట్టివేయవు, ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. కుకీలోని చక్కెర ఇంకో పని కూడా చేస్తుంది. నాలుక తీపికి అలవాటు పడిన వెంటనే తాగితే బీరులో ఉన్న కాస్త తీపి కూడా తెలియదు, చేదు ఒక్కటే మిగులుతుంది. అందుకే తీపి పదార్థంతో తాగే బీరులో కూడా అంతో ఇంతో తీపి ఉండాలి. లేదంటే వేయించిన మాల్ట్ రుచి అయినా గట్టిగా ఉండాలి.

అసలు బీరుకూ బిస్కెట్‌కూ చుట్టరికం ఉంది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి వేడి చేస్తే మాల్ట్ అవుతుంది. ఆ వేడికి గింజలోని చక్కెరలూ ప్రొటీన్ ముక్కలూ కలిసి గోధుమ రంగుకు మారి కమ్మటి వాసన వస్తుంది. పొయ్యిలో బిస్కెట్ అంచు ఎర్రబడేటప్పుడు జరిగేదీ ఇదే, దీన్ని మెయిలార్డ్ చర్య అంటారు. మామూలు మాల్ట్‌కు 80 డిగ్రీల పైచిలుకు వేడి చాలు. స్టౌట్‌లో వాడే నల్ల మాల్ట్‌ను 200 డిగ్రీలు దాటించి కాఫీ గింజల్లా వేయిస్తారు. 1817లో ఇంగ్లండ్‌లో డేనియల్ వీలర్ అనే ఆయన తిరిగే డ్రమ్ములో మాల్ట్ వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నల్ల బీర్ల రంగు అక్కడి నుంచి స్థిరపడింది.

కాబట్టి బిస్కెట్ ఎంత ఎర్రగా కాలిందో బీరు కూడా అంత ముదురు రంగులో ఉండాలి. నేను మొదట చూసేది ఇదే.

పలాస_పప్పు
రంగు చూసి జోడీ కుదర్చడమైతే జీడిపప్పు బిస్కెట్‌కు ఏ బీరు పెడతారు మాస్టారూ? బయట తెల్లగా ఉంటుంది, లోపల పప్పు వేయించి ఉంటుంది.

మాల్టు_మాస్టారు
అంబర్ లేదా బ్రౌన్ ఏల్, అంటే కాస్త ముదురు రంగు బీరు, దొరికితే అదే. అందులో వేయించిన గింజల వాసన, పాకం వాసన ఉంటాయి. దొరకకపోతే గోధుమ బీరు.

ఇచ్ఛాపురం_లైను
విశాఖ దాటితే బ్రౌన్ ఏల్ మాట అటుంచండి, స్టౌట్ కూడా కంటికి కనబడదు. శ్రీకాకుళంలో నేను అడిగితే "స్ట్రాంగా, లైటా?" అని ఎదురు ప్రశ్న వేశారు. రణస్థలం దగ్గర బంటుపల్లిలో పెద్ద బీరు కర్మాగారమే ఉంది మన జిల్లాలో. తయారయ్యేది లాగర్, అంటే మామూలు లేత రంగు బీరు, మనకు తెలిసిందీ అదే. లాగర్‌కు ఏ బిస్కెట్ పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి. ఊళ్లో వాళ్లందరూ క్రాఫ్ట్ తాగరు కదా.

బొబ్బిలి_బేకరమ్మ
లాగర్‌కు ఉప్పు బిస్కెట్, వాము వేసినది. ఇది చాలా సులువు. మా బేకరీకి సాయంత్రం ఆరు తరువాత వచ్చేవాళ్లు ఏ బిస్కెట్ ఎందుకు కొంటున్నారో నాకు ముఖం చూస్తేనే తెలుస్తుంది.

మాస్టారు చెప్పిన రంగు లెక్క బాగానే ఉంది కానీ అది సగమే. ఉప్పును వదిలేశారు. ఉప్పు చేదును అణుస్తుంది. వంటింట్లో కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసే ప్రతి ఇల్లాలికీ ఆ సంగతి తెలుసు. గోపి గారి ఐపీఏకు చాక్లెట్ వద్దు, తీపి తక్కువగా, ఉప్పు తెలిసేలా ఉన్న బిస్కెట్ కావాలి. ఉస్మానియా రకం పెట్టి చూడండి. అది పుట్టింది హైదరాబాదులో అయినా ఇప్పుడు మన ఊళ్లలోనూ చేస్తున్నాం. తీపీ ఉప్పూ కలిసి ఉంటుంది, వెన్న ఉంటుంది, నోట్లో ఇట్టే విరిగిపోతుంది.

స్టౌట్‌కు నా దగ్గర చోడి (రాగి) బిస్కెట్ ఉంది. దాని గురించి రాత్రికి రాస్తాను, ఇప్పుడు కౌంటరు దగ్గర జనం ఉన్నారు.

నాగావళి_గట్టు
అమ్మా, నేను వచ్చినప్పుడు నా ముఖం చూడకండి.

హాప్స్_రవి
బెంగళూరులో ఉంటాను, సొంతూరు రాజాం. ఐపీఏకు ఉస్మానియా అన్న మాటతో నేను ఏకీభవించను. ఐపీఏలన్నీ ఒకటి కావు. అమెరికా హాప్స్ వేసినవి పంపర పనస, నారింజ తొక్క వాసన వేస్తాయి. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే హాప్స్ రకంతోనే ఆ ధోరణి ఊపందుకుంది. అలాంటి బీరు పక్కన వెన్న వాసన కొట్టే బిస్కెట్ పెడితే హాప్స్ సువాసన అణిగిపోతుంది. నిమ్మ తొక్క తురిమి వేసిన బిస్కెట్ కావాలి. అల్లం బిస్కెట్ అయితే ఇంకా మేలు.

బొబ్బిలి_బేకరమ్మ
నిమ్మ తొక్కకు ఒప్పుకుంటాను. అల్లానికి ఒప్పుకోను. చేదు బీరు, అందులోని ఆల్కహాల్ రెండూ కారాన్ని రేపుతాయి. అల్లం ఘాటు గొంతులో పట్టుకుంటుంది.

హాప్స్_రవి
ఆ మంట కావాలనుకునే వాళ్లు కూడా ఉన్నారు. మన ఉత్తరాంధ్రలో కారం వద్దనేవాళ్లు ఎవరు?

పలాస_పప్పు
మా అత్తగారు.

కళింగపట్నం_కెరటం
గోధుమ బీరు గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నాకు నచ్చేది అదొక్కటే. అరటిపండు వాసన వస్తుంది. అందులో అరటిపండు కలుపుతారా?

మాల్టు_మాస్టారు
కలపరు. జర్మనీ పద్ధతి గోధుమ బీరులో వాడే ఈస్ట్ పులిసేటప్పుడు ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అరటిపండు వాసన దానిదే. లవంగం వాసన కూడా ఆ ఈస్ట్ పనే. బెల్జియం పద్ధతి వేరు. అక్కడ నిజంగానే ధనియాలు, ఎండు నారింజ తొక్క వేస్తారు. హూగార్డెన్ అనే ఊళ్లో ఆ రకం బీరు 1950లలో పూర్తిగా ఆగిపోయింది. పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో మళ్లీ మొదలుపెట్టాడు. మన దేశంలో గోధుమ బీరు పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒక దారిలోనివే. లేబుల్ మీద ధనియాలు, నారింజ అని ఉంటే బెల్జియం దారి.

అరటి, లవంగం వాసనలు వచ్చేదానికి కొబ్బరి బిస్కెట్. ధనియాలు, నారింజ ఉన్నదానికి సాదా బటర్ బిస్కెట్.

ఉద్దానం_నీడ
కొబ్బరి బిస్కెట్ అన్నారు కాబట్టి ఒక మాట. బేకరీలు ఎక్కువగా ఎండు కొబ్బరి పొడి సంచులు తెచ్చి వాడతాయి. దానిలో వాసన తగ్గిపోయి ఉంటుంది. ఉద్దానం పచ్చి కొబ్బరి తురిమి, మూకుడులో సన్నని సెగ మీద తడి పోయేదాకా వేయించి కలిపితే బిస్కెట్ వాసన వేరు. తురుము అంచులు ఎర్రబడగానే దించేయాలి. మా ఇంట్లో అలాగే చేస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటగానే కాయ ఇవ్వదు, ఏళ్లు పడుతుంది. తరువాత పెట్టిన చెట్ల కాయలు ఈమధ్యే చేతికొస్తున్నాయి. ఆ కాయలతో చేసిన బిస్కెట్ ఎవరైనా మెచ్చుకుంటే నాకు గొప్ప సంతోషం, దాని పక్కన బీరు ఉన్నా సరే, టీ ఉన్నా సరే.

కళింగపట్నం_కెరటం
ఉద్దానం గారూ, ఈసారి అటు వచ్చినప్పుడు కాయలు మీ దగ్గరే కొంటాను.

వంశధార_వాణి
నేను తాగను. మా ఆయన, ఆయన స్నేహితులు తాగుతారు. బిస్కెట్లు చేసేది నేను కాబట్టి నాకూ ఒక మాట ఉంది. ఇలాంటి సాయంత్రాల్లో తాగనివారికి కూల్‌డ్రింకు సీసా ఇచ్చి పక్కన కూర్చోబెడతారు. తీపి బిస్కెట్, తీపి డ్రింకు, ఇక రుచేముంటుంది? అరకు కాఫీ డికాక్షన్ చల్లారబెట్టి, పాలు చక్కెర లేకుండా ఐసుతో ఇవ్వండి. స్టౌట్‌కు నప్పే ప్రతి బిస్కెట్టూ దీనికీ నప్పుతుంది.

ఇంకొకటి. కడుపులో బిస్కెట్ ఉంది కాబట్టి బండి నడపవచ్చు అనేవాళ్లను మా ఇంట్లోనే చూశాను. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. బిస్కెట్ తిన్నా తినకపోయినా లెక్క అదే. తాళాలు ముందే తీసుకుని బీరువాలో పెట్టండి.

మాల్టు_మాస్టారు
వాణి గారు చెప్పిన అరకు కాఫీ నాకు తట్టలేదు. చాలా మంచి ఆలోచన. స్టౌట్‌లో కాఫీ వాసన వచ్చేది కూడా వేయించడం వల్లే.

ఇచ్ఛాపురం_లైను
గోపి గారూ, మీ అతిథులు వేరే రాష్ట్రం నుంచి సీసాలు తెస్తామంటే వద్దనండి. ఒడిశా సరిహద్దులో ఉండేవాణ్ని, చెక్‌పోస్టు దగ్గర బ్యాగులు విప్పించడం ఎన్నోసార్లు చూశాను.

గంటస్తంభం_గోపి
వద్దనే చెప్పాను. వాళ్లందరూ ముప్పై దాటినవాళ్లే, వయసు గొడవ కూడా లేదు. బేకరమ్మ గారి చోడి బిస్కెట్ సంగతి కోసం ఎదురుచూస్తున్నాను.

బొబ్బిలి_బేకరమ్మ
ఇప్పుడు తీరిక దొరికింది, వివరంగా రాస్తాను.

చోడిపిండిలో గ్లూటెన్ ఉండదు. అచ్చంగా దానితోనే చేస్తే బిస్కెట్ చేతిలోకి తీసుకోగానే పొడి అయిపోతుంది. నేను సగం చోడిపిండి, సగం గోధుమపిండి వేస్తాను. చోడిపిండిని ముందు పొడి మూకుడులో వేయించాలి. పచ్చి వాసన పోయి, అంబలి కాచేటప్పుడు వచ్చే వాసన రాగానే పొయ్యి కట్టేయాలి. నెయ్యి, బెల్లం పొడి బాగా గిలకొట్టి, చల్లారిన పిండి కలిపి, చిటికెడు కాదు, నాలుకకు తెలిసేంత ఉప్పు వేయాలి. పాలు చిలకరించి ముద్ద చేసి అరగంట పక్కన పెడితే పిండి తడి పీల్చుకుంటుంది. ఆ అరగంట ఆగకపోతే వత్తేటప్పుడు అంచులు పగులుతాయి.

బెల్లం చక్కెర కంటే త్వరగా మాడుతుంది, అందుకే 160 డిగ్రీలు దాటనివ్వను. చోడి బిస్కెట్ ముందే నల్లగా ఉంటుంది కాబట్టి రంగు చూసి దించడం కుదరదు. వాసన చూడాలి, అంచును వేలితో నొక్కి చూడాలి. అంచు గట్టిపడి మధ్యలో కాస్త మెత్తగా ఉన్నప్పుడే తీసేస్తే చల్లారాక కరకరలాడుతుంది.

ఇప్పుడు స్టౌట్ సంగతి. చాక్లెట్ కుకీలో ఉన్నంత తీపి దీనిలో ఉండదు. బెల్లంలోని ఆ కాస్త ఉప్పదనం, వేయించిన చోడి వాసన, నెయ్యి మూడూ నల్ల మాల్ట్‌తో కలిసిపోతాయి. మా తమ్ముడు స్టౌట్ తెచ్చి దీనితో తాగి, ఇందులో కాఫీ కలిపావా అని అడిగాడు. నేను కాఫీ కలపలేదు. అది బీరులోంచి వచ్చింది.

హాప్స్_రవి
అమ్మా, ఇది చదివి ఆకలేస్తోంది. స్టౌట్‌లోనూ తేడాలున్నాయి. డ్రై స్టౌట్ అంటే తీపి మిగలనిది. మిల్క్ స్టౌట్‌లో పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్ కలుపుతారు. బీరు ఈస్ట్ దాన్ని తినలేదు, అందుకే తీపి సీసాలో మిగిలిపోతుంది. గోపి గారి దగ్గరున్నది మిల్క్ స్టౌట్ అయితే ఆయన చాక్లెట్ చిప్ కుకీలకు అదే సరైన జోడీ. పాలు పడనివాళ్లకు మాత్రం ఆ సీసా ఇవ్వకండి.

గంటస్తంభం_గోపి
లేబుల్ చూశాను, లాక్టోజ్ లేదు. డ్రై స్టౌట్. అయితే చోడి బిస్కెట్టే. బొబ్బిలి వస్తున్నాను.

రాత్రిడ్యూటీ_డాక్టరు
రుచి గురించి కాదు, లెక్క గురించి. బీరులో కేలరీలు, నెయ్యి బిస్కెట్‌లో కేలరీలు. చక్కెర వ్యాధి మందులు వేసుకునేవారు తాగడం, తినడం రెండూ డాక్టరును అడిగాకే చేయాలి. ఆల్కహాల్ వల్ల కొందరిలో రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది, బెల్లం బిస్కెట్ దానికి మందు కాదు. చోడి కాబట్టి ఎంతైనా తినవచ్చు అనేది ఇంకో అపోహ.

నాగావళి_గట్టు
పల్లీల మీద ఏమైనా అపోహలు ఉన్నాయా డాక్టరు గారూ?

రాత్రిడ్యూటీ_డాక్టరు
ఉప్పు తగ్గించండి, అంతే.

మాల్టు_మాస్టారు
గోపి గారు ఆ రోజు పాటించవలసినవి కొన్ని రాస్తాను. నిండు గ్లాసులు పోయకండి. టీ గ్లాసులో సగం చాలు, రుచి చూడటానికి అది ఎక్కువే. తేలికైనది ముందు, బరువైనది చివర: గోధుమ బీరు, ఐపీఏ, స్టౌట్. ఐపీఏ తరువాత గోధుమ బీరు తాగితే నీళ్లలా ఉంటుంది. మధ్యలో మంచినీళ్లు, గుప్పెడు ఉప్పులేని మరమరాలు.

స్టౌట్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయవద్దు. చలికి నాలుక మొద్దుబారుతుంది, వాసనా పైకి రాదు. 10 నుంచి 12 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. మన ఎండల్లో బయట పెట్టిన కాసేపటికే అంతకు వస్తుంది.

గ్లాసులు సబ్బు జిడ్డు లేకుండా కడగాలి. నెయ్యి బిస్కెట్ తిన్న పెదవులతో తాగితే నురగ క్షణాల్లో కూలిపోతుంది, కొవ్వు నురగ బుడగల్ని పగలగొడుతుంది. నురగ పోయిందని బీరు పాడైందనుకోకండి. ముందు ఒక గుక్క విడిగా తాగించి, ఆ తరువాతే బిస్కెట్ చేతికివ్వండి. కొరికి, నమిలి, ఇంకా కొంచెం నోట్లో ఉండగానే రెండో గుక్క.

కళింగపట్నం_కెరటం
ఐపీఏ సీసా మీద తేదీ చూడమని కూడా చెప్పండి. నేను ఒకసారి కొన్నది నెలల తరబడి దుకాణం అద్దాల దగ్గర ఎండలో నిలబడినది. మూత తీస్తే కాలిన రబ్బరు వాసన.

హాప్స్_రవి
వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి ఆ కంపు వస్తుంది. ముదురు గోధుమ రంగు సీసా కొంతవరకు కాపాడుతుంది, ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా కాపాడవు. డబ్బా అయితే ఆ భయమే లేదు. ఐపీఏ తాజాగా ఉన్నప్పుడే కొనాలి, నిల్వ ఉంటే సువాసన పోయి చేదు మాత్రం మిగులుతుంది. గోపి గారి మొదటి రాత్రి సీసా తేదీ కూడా చూడవలసిందే.

ఇంకో సంగతి. బీరు కాచాక మిగిలే బార్లీ పిప్పితో కూడా బిస్కెట్లు చేస్తారు. చాలాచోట్ల అది పశువుల దాణాకు పోతుంది. తడి పిప్పి మన వేడికి ఒక్క రోజులో పులిసి కంపు కొడుతుంది, అందుకే తెచ్చిన రోజే పళ్లెంలో పల్చగా పరిచి సన్నని సెగ మీద ఆరబెట్టాలి. తరువాత మిక్సీలో పొడి చేసి మైదాలో ఐదో వంతు కలపాలి, అంతకు మించితే నోట్లో పొట్టు తగులుతుంది. ఇక్కడ ఒక బ్రూవరీలో పనిచేసే స్నేహితుడు ఇచ్చాడు. ఆరబెట్టిన పొడి సంక్రాంతికి తెస్తాను, బేకరమ్మ గారు చేసి పెడితే చాలు.

బొబ్బిలి_బేకరమ్మ
తీసుకురా బాబూ. దానితో అల్లం మాత్రం వేయను.

పలాస_పప్పు
జీడిపప్పు బిస్కెట్ గురించి ఇంకా తేలలేదు. దానికి గుండ్లు అక్కర్లేదు అని మాత్రం చెప్పగలను. దుకాణాల్లో 180, 240, 320 అని రాసి ఉంటుంది, ఒక పౌనుకు సుమారు అన్ని గుండ్లు తూగుతాయని లెక్క. నంబరు పెరిగితే పప్పు చిన్నది, ధర తక్కువ. బిస్కెట్‌లోకి బద్దలు, ముక్కలు చాలు, రుచిలో తేడా ఉండదు. ముక్కల్ని నేతిలో వేయించకుండా, పొడిగానే దోరగా వేయించి పిండిలో కలపండి. నేను గోధుమ బీరుతోనూ చూశాను, స్టౌట్‌తోనూ చూశాను. స్టౌట్ పక్కన జీడిపప్పు ఊసే తెలియలేదు. గోధుమ బీరుతో పప్పు పాల రుచి చక్కగా పైకొచ్చింది. రంగు లెక్క ఇక్కడ పనిచేయలేదు మాస్టారూ.

మాల్టు_మాస్టారు
జీడిపప్పు మృదువైన పప్పు, గట్టి బీరు దాన్ని మింగేస్తుంది. మీ మాటే నిలబడుతుంది.

గంటస్తంభం_గోపి
నేను అనుకుంటున్నది ఇది. గోధుమ బీరుతో పలాస జీడిపప్పు బిస్కెట్, ఉద్దానం కొబ్బరి బిస్కెట్ రెండూ పెడతాను. ఐపీఏతో ఉప్పు ఎక్కువ, తీపి తక్కువ ఉన్న నిమ్మ తొక్క బిస్కెట్. స్టౌట్‌తో చోడి బిస్కెట్. తాగనివాళ్లకు అరకు కాఫీ. నిమ్మ బిస్కెట్ ఒక్కటే ఎక్కడా దొరకలేదు.

బొబ్బిలి_బేకరమ్మ
చోడి బిస్కెట్లకు వచ్చినప్పుడు పది నిమ్మకాయలు తెచ్చుకోండి, చేసిస్తాను. పచ్చ తొక్క మాత్రమే తురుముతాను, కింది తెల్ల పొర వస్తే అదీ చేదే. ముందు రోజు ఫోను చేయండి, మంగళవారం సెలవు.

నాగావళి_గట్టు
గోపి గారూ, పల్లీలు నేను తెస్తాను. తేదీ చెప్పండి.